పదకొండడుగుల సందు

"పదకొండడుగులా? పదకొండడుగులు పెట్టుకుని ఇల్లు రాదన్నాడా ఆ ఇంజనీరు? అమ్మా, మీరు ముందు కూర్చోండి. బాబాయ్, పోస్టమ్మగారికో టీ, చక్కెర తక్కువ. నాకు మామూలే."

మేస్త్రీ ఇలా మొదలుపెట్టాడంటే టీ కొట్టు దగ్గరున్నవాళ్లు ఇక లేచి వెళ్లరు. పోస్టాఫీసు కౌంటరులో పనిచేసే ఆవిడ, అందరూ పోస్టమ్మగారనే ఆవిడ, బెంచీ చివర కూర్చుంది. ఆవిడ ఇల్లు కొట్టుకి ఎదురుగానే. ఆ ఇంటికీ పక్కనున్న వకీలుగారి ప్రహరీకీ మధ్య పదకొండడుగుల ఖాళీ జాగా ఉంది. పాత తలుపులు, తుప్పు పట్టిన డ్రమ్ము తప్ప అందులో ఇంకేమీ లేవు. అవతలి పేటలో కుట్టుమిషను పెట్టుకుని అద్దెకుంటున్న చెల్లెలిని ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు, నాలుగు నెలలే గడువు. ఈ జాగాలో చెల్లెలికి చిన్న ఇల్లు కట్టాలని ఆవిడ ఆశ. కుదరకపోతే తన ఇంటితో సహా మొత్తం బిల్డరుకిచ్చేసి, అపార్టుమెంటు లేచేదాకా అక్కాచెల్లెళ్లు తలో దిక్కున తలదాచుకోవాలి. బిల్డరు సాయంత్రం జవాబు కోసం వస్తానన్నాడు.

"అనుమతి వస్తుందట. కానీ అది ఇల్లు కాదు, నడవా అవుతుందన్నాడు ఇంజనీరు," అంది పోస్టమ్మ.

"నడవానా. ఆయన చదువు చదువే గానీ ఆయనెప్పుడైనా తాపీ పట్టాడా? నేను కట్టింది చెప్తా వినండి. డాక్టరుగారి ఇంటికీ ప్రింటింగ్ ప్రెస్సుకీ మధ్య ఒక సందు. తొమ్మిదడుగులు. పిల్లులు పోట్లాడుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని పేటంతా వదిలేసిన జాగా. నేను వెళ్లా, అటోసారి ఇటోసారి చూశా, చొక్కా చేతులు మడిచా, రెండంతస్తులు లేపా. అటు గోడకి బీట లేదు, ఇటు గోడకి బీట లేదు. అంతవరకూ ఎవడైనా కడతాడు, అది గొప్పేం కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్తే తెలుస్తుంది," అన్నాడు టీ కొట్టు బాబాయి, టీ వడపోస్తూ.

"అసలు ముందు పునాది తవ్వాలి కదా. డాక్టరుగారి అత్తగారు ఆ గోడకవతలే పడుకుంటుంది. చప్పుడైతే ఆవిడ గుండెకి మంచిది కాదని సాక్షాత్తూ డాక్టరే చెప్పాడు, ఇక మాటేముంది. గునపాలు పక్కన పడేసి గరిటెలు తెప్పించా. పదిమందిమి, గరిటెలతో, ఏడడుగుల లోతు. మట్టి గిన్నెల్లో ఎత్తాం. దగ్గొస్తే వీధి చివరికి వెళ్లి దగ్గొచ్చేవాళ్లం. ఆవిడ లేవలేదు. పునాది పూర్తయినా లేవలేదు. గోడలు లేచాక లేచి, కిటికీలోంచి చూసి, ఈ ఇల్లెప్పటి నుంచి ఉందిక్కడ అని కూతుర్నడిగింది."

పక్క బెంచీ మీది ప్లంబరుకి పొలమారి టీ ముక్కులోంచి వచ్చింది.

"నవ్వు, నవ్వు. నువ్వొక్క కుళాయి బిగిస్తే వీధి వీధంతా తెలుస్తుంది. నేను ఇల్లు కడితే పక్కింటికి తెలీదు, అదీ తేడా. ఆరడుగుల సందులో గోడ లేపడమంటే మాటలనుకున్నావా?"

"ఇందాక తొమ్మిదన్నావుగా?"

"తొమ్మిది కాగితం మీద, తమ్ముడూ. కాగితం మీద ఎవరి జాగా అయినా ఎక్కువే ఉంటుంది. అటు డాక్టరుగారి మెట్లు రెండడుగులు ఇవతలికొచ్చాయి, ఇటు ప్రెస్సువాడి కిటికీ పైరేకు ఒకడుగు. తీసేస్తే ఎంత? ఆరు. లెక్కలు రాకపోతే మధ్యలో మాట్లాడకు. సరే, ఆరడుగుల్లో తట్ట నెత్తిన పెట్టుకున్న మనిషి వెనక్కి తిరగలేడు, నాకేమో పని ఆగితే ఒళ్లు మండుతుంది. అందుకని నా కూలీలు లోపలికి మామూలుగా నడిచి వెళ్లేవాళ్లు, బయటికి వెనక్కి నడుచుకుంటూ వచ్చేవాళ్లు. ఆరు నెలలు అదే వరస. ఒకడికి అలవాటైపోయి ఇంటికి కూడా వెనక్కే నడిచి వెళ్తే, ఎవరో వచ్చి వెళ్లిపోతున్నారనుకుని వాళ్లావిడ తలుపేసేసుకుంది. నేను వెళ్లి సర్దిచెప్పాల్సి వచ్చింది."

"మెట్లెక్కడ పెట్టావు మరి?" అని అడిగాడు బాబాయి.

"ఆ, అలా అడుగు. మెట్లు పెట్టా, కానీ ఎక్కేవాడూ దిగేవాడూ ఎదురుపడితే దారి లేదు. ఏం చేశానంటావు? పొద్దున ఎక్కడం, సాయంత్రం దిగడం. అంతే, రూలు. కింద కళ్లజోడు మరిచిపోయి పైకెక్కినవాడు ఆ పూటకి పేపరు మానుకోవాల్సిందే. ఇప్పటికీ ఆ ఇంట్లో ఎంత క్రమశిక్షణో, వెళ్లి చూడండి."

"కొలత ఇంకా తగ్గేలా ఉందే," అన్నాడు మూలనుంచి వడ్రంగి. మేస్త్రీకి అక్క మొగుడు. ఇందాకటి నుంచి టీలో బిస్కెట్లు ముంచుకు తింటున్నాడు.

"తగ్గింది బావా, మంచి మాట గుర్తుచేశావు. శ్లాబు వేద్దామనుకునే రోజుకి వానలు పట్టుకున్నాయి, రెండిళ్లూ ఉబ్బాయి. వానాకాలం తలుపులు ఉబ్బుతాయని నువ్వే కదా ఎవరికైనా చెప్పి తప్పించుకుంటావు? తలుపులు ఉబ్బగా లేనిది ఇళ్లు ఉబ్బవా? తెల్లారి చూసేసరికి మూడడుగులు. ఇంకొకడైతే తాపీ అక్కడే పారేసి పారిపోయేవాడు. నేనేం చేశానో తెలుసా?"

ఎవరూ అడగలేదు. అయినా చెప్పాడు.

"వీధి మొదట్లో నిలబడి, 'కాస్త సర్దుకోండి' అన్నా. అంతే. బస్సులో ముగ్గురు కూర్చున్న సీటు దగ్గర నిలబడి కాస్త జరగండి అంటే జరగరా? అలాగే. మర్యాదగా అడగాలి, విసుక్కోకూడదు. డాక్టరుగారి ఇల్లు జానెడు జరిగింది, దాని పక్కది జానెడు, ఆ పక్కది ముందు కాస్త గొణిగింది గానీ జరిగింది, అలా ఒకదాన్నొకటి తోసుకుంటూ వీధి చివరి దాకా. చివరింటికి చోటు లేక మలుపు తిరిగి పక్క వీధిలో కూర్చుంది. ఆ ఇంటాయన ఆఫీసు నుంచొచ్చి, ఇల్లు కనబడక పోలీసు స్టేషనుకి బయల్దేరుతుంటే, వాళ్లావిడ పక్క వీధి కిటికీలోంచి, ఏవండీ ఇటు, ఇటు అని పిలిచింది."

"ఆయన ఉత్తరాలు ఏ అడ్రసుకి వస్తున్నాయో మరి," అంది పోస్టమ్మ.

"అది మీ పోస్టాఫీసు చూసుకోవాలమ్మా, నా పని కట్టడం వరకే. సరే, జరిగిన ఇళ్లు మళ్లీ వెనక్కి రాకుండా ఎవరాపాలి? శ్లాబు గట్టిపడాలిగా? నేనే. ఈ భుజం డాక్టరుగారి గోడకి, ఆ భుజం ప్రెస్సు గోడకి ఆనించి, ఇరవై ఒక్క రోజులు. తిండీ నిద్రా అన్నీ నిలబడే. శ్లాబుకి నీళ్లు కొట్టేవాళ్లు పనిలో పనిగా నా మీద కూడా కొట్టేవాళ్లు. అందుకే ఈ వయసులో ఇంత గట్టిగా ఉన్నా, కావాలంటే తట్టి చూడు తమ్ముడూ. ఇక ఇల్లు పూర్తయిన రోజు నూటయాభై మందికి భోజనాలు, ఒకరి మోచెయ్యి ఒకరికి తగల్లేదు. మున్సిపాలిటీ ఆఫీసరు కొలుద్దామని లోపలికెళ్లి, హాలు దాటి, గదులు దాటి, దారి తప్పాడు. మూడో రోజుకి వెనక వరండాలో దొరికాడు, పాపం చిక్కిపోయి. ఇంత ఇల్లు నా ఉద్యోగంలో చూడలేదయ్యా అని నా చేతులు పట్టుకున్నాడు."

అందరూ నవ్వుతున్నారు. పోస్టమ్మ కూడా నవ్వింది గానీ గోడ మీద గడియారం వైపు చూసి నవ్వు ఆపేసింది.

"సరదాగానే ఉంది మేస్త్రీ. కానీ నాకు నిజం కావాలి. మా చెల్లెలు ఒక మంచం వేసుకుని, ఓ పక్కన మిషను పెట్టుకుని బతికేంత చోటు వస్తుందా అందులో?"

"ఒక మంచమేంటమ్మా, వరసగా ఏడు వేయించనూ?"

బావ చేతులకంటిన బిస్కెట్ పొడి దులుపుకున్నాడు. "మంచం మాట నన్ను చెప్పనీ. ఆ ఇంటికి మంచం చేసింది నేనే కదా."

మేస్త్రీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"పడగ్గది వెడల్పు ఆరడుగుల నాలుగంగుళాలని వీడు చీటీ రాసిచ్చాడమ్మా. ఎందుకైనా మంచిదని నేను ఓ అంగుళం తగ్గించే చేశా. మంచం అడ్డంగా దింపుతుంటే సగంలో ఇరుక్కుంది. పైకి రాదు, కిందికి పోదు. ఏంట్రా అంటే, పెద్దమనిషి ఇటుక నుంచి ఇటుకకి కొలిచాడు. పైన ప్లాస్టరింగ్ వస్తుందన్న సంగతి మరిచిపోయాడు. అటు ముప్పావంగుళం, ఇటు ముప్పావంగుళం పోయింది. అర అంగుళం దగ్గర ఆగిపోయింది నా మంచం. పదకొండు రోజులు ఆ ఇంటివాళ్లు దాన్ని గోడకి నిలబెట్టి కింద పడుకున్నారు."

ప్లంబరు తొడ చరుచుకుని నవ్వాడు. బాబాయి టీ వడపోసే గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకోటి," అన్నాడు బావ, "ఆ సందు తొమ్మిదీ కాదు, ఆరూ కాదు, మూడూ కాదు. పదమూడు."

ఈసారి పోస్టమ్మ నవ్వలేదు. ఆవిడకి నిజంగా ప్రాణం ఉసూరుమంది. కోతలని తెలుసు, అయినా అందులో ఎక్కడో కాస్త నిజముంటే చాలనుకుంది. గ్లాసు బెంచీ మీద పెట్టి లేచింది.

"అంటే పదకొండులో నువ్వెప్పుడూ కట్టలేదన్నమాట."

"కట్టలేదమ్మా," అన్నాడు మేస్త్రీ. ఆ గొంతు అతనిదేనా అని బాబాయి తలెత్తి చూశాడు.

ఆవిడ రెండడుగులు వేసి ఆగింది. "ఇంతకీ ఆ మంచం ఏమైంది?"

"ఏమవుతుంది. కాస్త కోసి పెట్టు బావా అని ఈయన కాళ్లు పట్టుకున్నా. తప్పు నీది, నా మంచం జోలికి రాకు, నీ గోడ చెక్కుకో అన్నాడు. ఆ ఇంటివాళ్లు ఇక నన్ను పిలవడం కూడా మానేశారు. ఆదివారం నేనే వెళ్లి, రెండు వైపులా మంచం ఎత్తున ప్లాస్టరింగ్ చెక్కి, అంచులు నున్నగా తీశా. పూటంతా పట్టింది. సిగ్గేసింది గానీ వెళ్లా. ఇల్లు వాళ్లది, రోజూ పడుకునేది వాళ్లు కదా."

"వెళ్లాడు," అన్నాడు బావ. "అది మాత్రం నిజం."

పోస్టమ్మ వచ్చి మళ్లీ కూర్చుంది.

"నా పదకొండులో ఏం మిగులుతుందో చెప్పు."

మేస్త్రీ గ్లాసు పక్కన పెట్టాడు. ఎదురుగా ఉన్న జాగా వైపు చాలాసేపు చూశాడు.

"వకీలుగారి ప్రహరీని, మీ గోడని మనం ముట్టుకోకూడదమ్మా. మన గోడలు మనం లేపుకోవాలి. తొమ్మిదంగుళాలవి రెండు, అంటే అడుగున్నర పోయింది. లోపలి ప్లాస్టరింగ్ కూడా తీసేసి చెప్తున్నా, తొమ్మిదడుగుల నాలుగున్నర అంగుళాలు. హాలూ గీలూ రావు. ముందు గదిలో మిషను పెట్టుకోవచ్చు, వీధి వెలుతురు వస్తుంది. మధ్యలో కాస్త జాగా పైకప్పు లేకుండా వదిలెయ్యాలి, లేకపోతే వెనక గది పట్టపగలే చీకటి. వెనక గదిలో ఒక మంచం. ఒకటే. వంటకి ఒక మనిషి నిలబడే చోటు. ఆవిడ వండుతుంటే మీరు గడప మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి, అంతే."

"దానికి అదే పని, వండుతూ కబుర్లు," అంది పోస్టమ్మ. "నాలుగు నెలల్లో అవుతుందా?"

మేస్త్రీ బావ వైపు చూశాడు.

"అయిదు."

"ఆ ఒక్క నెలా నా దగ్గరే ఉంటుందిలే." ఆవిడ సంచిలోంచి ఫోను తీసింది. "బిల్డరుని రావద్దని చెప్పేస్తా. రేపు పొద్దున ఏడింటికి వచ్చి కొలువు."

"ఏడెందుకమ్మా, ఆరింటికే ఉంటా. కొలవడం నాకెంతసేపు, ఒకసారి స్టేషను పక్కన ఏం జరిగిందంటే, టేపు లేకుండా ఉత్త కంటితో..."

"మేస్త్రీ, మీ బావని కూడా తీసుకురా," అంది పోస్టమ్మ. "కొలిచేది నువ్వు. రాసేది ఆయన."