రోజు మంచిదే

ఆ మార్కుల కాయితాన్ని ఎన్నిమాట్లు తిప్పుతావు డాక్టరమ్మా? అటు తిప్పినా ఐదు పాయింటు ఒకటే, ఇటు తిప్పినా ఐదు పాయింటు ఒకటే. తిరగేత్తే పెరుగుతాదేటి?

ఆగాగు, ఆ బాబుని పిలవకు. నన్నెవులూ బయటికి నెట్టక్కర్నేదు, నానే ఎల్లిపోతాను. రెండు మాటలు సెప్పేసి ఎల్లిపోతాను.

నానెవుల్నా? ఇప్పుడే ఏడుపు దిగమింగుకుని బయటికెల్లిందే, పాంగి ప్రసన్న, దాని తాతని. పాంగి గాసి నా పేరు. హుకుంపేట దాటి, జీపులో రెండు కొండలెక్కితే మా ఊరు. మా పిల్లగుంట మొకం కడుక్కోడానికి పంపు కాడికి ఎల్లింది. అది తిరిగొచ్చేలోగా సెప్పాల. నాను లోపలికొచ్చినట్టు దానికి తెలీదు. ఆ తలుపు కొంచెం దగ్గరగా ఎయ్యమ్మా.

తలుపవతల నిలబడి అంతా ఇన్నాను. నువ్వేటన్నావు? "నీటు పరీచ్చకి ఇంట్లో కూకుని నీ అంతట నువ్వే సదివినావు, తొమ్మిది మార్కుల్లో సీటు పోయింది, బాగానే ఉంది. మరి డిగ్రీలో ఇంత తక్కువేటి? నాలుగు పేపర్లకి అసలు ఎల్లనే నేదేటి?" అన్నావు. అడగాల్సిందే. ఏడాదిపాటు విశాఖపట్నంలో ఉంచి, తిండెట్టి, డాక్టరు సీటు కోసం సదివించేవోళ్లు ఆమాత్రం అడగరేటి? పది మందిని తీసుకుంతారంట, నూటరవై మంది వొచ్చినారంట. ఆరున్నర పాయింట్లుంటేనే పేరు రాత్తారంట. తక్కువుంటే కారణం సెప్పాలంట. అన్నీ ఇన్నాను.

అదేటంది? "ఒంట్లో బాగోనేదు మేడమ్" అంది.

"డాక్టరు రాసిచ్చిన సీటీ ఉందా?" అన్నావు. నేదంది. "నాలుగుమాట్లూ పరీచ్చ రోజునే బాగోనేదా?" అన్నావు. తలొంచుకుంది. ఇంకేటుంది, కాయితం పక్కన పడీసినావు.

దానికి ఒంట్లో బాగానే ఉందమ్మా! ఇరవైరెండేళ్లొచ్చినాయి, ఒక్క రోజు మంచమెక్కనేదు. రాయిలాగుంటాది. అబద్దమాడింది. ఎవుల కోసమాడింది? నా కోసం.

నవ్వకు. సెప్తాను, ఇనుకో.

నాను దిసారిని. తెలుసా నీకు? తెలీదా? పట్నం డాక్టరువి, నీకెలగ తెలుత్తాది. దిసారంటే మా కొండల మీద రోజులు సూసేవోడు. సుక్కల్ని సూసి, సేతేళ్ల మీద లెక్కెట్టి, ఏ పని ఏ రోజు సెయ్యాలో సెప్పేవోడు. సామలెప్పుడు సల్లాల, పెళ్లికూతుర్ని ఎప్పుడు తేవాల, ఇంటికి గుంజ ఎప్పుడు పాతాల, తొమ్మిదూర్లకి నా మాటే. ఒంట్లో బాగోకపోతే సెట్ల ఏరు నూరి ఏరుమందిచ్చేదీ నానే. నాను రోజు సెప్పకుండా మా ఊర్లో ఒక్క ఇత్తనం గింజ నేల మీద పడదు.

అలగ సూడకు. నీ ఎనకాల గోడ మీద కేలండరుంది గదా, అందులో రాహుకాలం అచ్చేసుండదేటి? నువ్వు కారెక్కేటప్పుడు ఒక్కపాలైనా సూడనేదా? ఆ... మరి! మీకు అచ్చేసిత్తారు, మాకు నాను నోటితో సెప్తాను.

సరే, ఇను. ప్రసన్న డిగ్రీ మొదటేడు. రేపు కెమిస్ట్రీ పరీచ్చనగా సాయంత్రం నా కాడికొచ్చింది. "తాతా, రేపు రోజెలగుంది?" అంది. సూసినాను. నిజంగానే సూసినాను, ఆ పాలి నా మనసులో ఏ మాయా నేదు. రోజు బాగోనేదు. "రేపు పొలిమేర దాటకు, ఎల్లుండి ఎల్లి రాసుకో" అన్నాను.

"పరీచ్చ మారదు తాతా" అంది. "అడిగితే ఎందుకు మారదే?" అన్నాను. దాని అమ్మ సంచీ లాక్కుని దూలానికి తగిలించీసింది. దిసారి ఇంటి గుంటే దిసారి మాట దాటితే, ఊర్లో ఇంకెవులు నిలబడతారు?

నాకేటి తెలుసమ్మా? మా కాడ ఏది మారదు సెప్పు! వాన రాకపోతే ఇత్తనాల రోజు మారుత్తాం. మేనమామకి జొరమొత్తే పెళ్లి రోజు మారుత్తాం. పీనుగునైనా కూతురొచ్చేదాకా ఆపుతాం. పరీచ్చ కూడా అంతే అనుకున్నాను.

అన్నట్టే ఆ ఎల్లుండి నానే దాన్ని కాలేజీకి తీసుకెల్లినాను. సారు కోసం గంపడు సీతాఫలాలు నెత్తినెట్టుకుని మరీ ఎల్లినాను. "బాబూ, నిన్న రోజు బాగోనేదు, ఇయ్యాల బెమ్మాండంగుంది, గుంటకి ఆ కాయితమియ్యి, రాసేత్తాది" అన్నాను. ఆ సారు మంచోడు. నవ్వనేదు. నాకు కుర్సీ ఏసి, "తాతా, అందరూ ఒక్క రోజే రాయాల, అయిపోతే అయిపోయినట్టే" అని నెమ్మదిగా సెప్పినాడు. కిటికీ కాడ పిల్లలు మాత్రం పడీ పడీ నవ్వినారు. మా గుంట గోడకేసి తిరిగి నిలబడిపోయింది. సీతాఫలాలు సారుకే ఒగ్గేసి వొచ్చేసినాం.

ఇంటికొచ్చినాక నాకే ముందు అన్నమెట్టిందమ్మా. ఒక్క మాటైనా అని ఉంటే బాగుణ్ణు.

అదొక పేపరు. అది నా తెలివితక్కువ. సిగ్గునేకుండా ఒప్పుకుంతాను. అక్కడితో సెప్పేసి ఎల్లిపోదామనే తలుపు తోసుకునొచ్చినాను.

గడియారం సూత్తన్నావు. తెలుసు, ఐదింటికి పేర్లు పంపీయాల. ఇంకా టైముంది.

మిగతా మూడు పేపర్లా? అదేనమ్మా... అదే సెప్పలేకపోతన్నాను. ఓ గుక్క నీళ్లు ఇప్పించు.

రెండో ఏడు వానాకాలం. అప్పలనర్సమ్మని మా కింది ఇంటామె, మూడేళ్ల పిల్లని ఎత్తుకుని నా అరుగు మీదకొచ్చింది. పిల్ల ఒళ్లు కాలిపోతంది, వణికిపోతంది. నాను ఏరు నూరతన్నాను. కాలేజీకి సెలవని ప్రసన్న ఇంట్లోనే ఉంది. వొచ్చి పిల్ల కళ్లు సూసింది, కడుపు నొక్కి సూసింది. "తాతా, ఇది మలేరియాలాగుంది, రగతం పరీచ్చ సేయించాల" అంది. నాను "ఉండవే" అంటన్నాను. ఎక్కడుంటాది? పిల్లని ఈపుకి కట్టుకుని, గొడుగు కూడా నేకుండా వానలో కింద ఆస్పత్రికి దిగిపోయింది. నూరిన మందు నా సేతిలోనే ఉండిపోయింది.

పిల్ల బతికింది. బతికింది తల్లీ, బతకాలనే నానూ కోరుకున్నాను, నానేటి రాచ్చసుణ్ణా?

కానీ ఆ మర్నాటి నుంచి ఆడోళ్లు నా అరుగు కాడికొచ్చి ఏటడిగినారో తెలుసా? దిసారి ఉన్నాడా అని కాదు. "ప్రసన్న ఉందా?" అనడిగినారు. నలభయ్యేళ్లుగా నాను కూకున్న అరుగమ్మా అది! ముందొచ్చిన సెవుల కన్నా ఎనకొచ్చిన కొమ్ములు వాడి అంతారే, ఆ కొమ్ము తిన్నగా నాకే గుచ్చుకుంది.

ఆ వారమే గుంట అన్నం కాడ సెప్పింది. "తాతా, డిగ్రీ అయిపోతే డాక్టరు సదువుతాను" అని. దాని అమ్మ నవ్వింది, దాని నాయన నవ్వినాడు. నాను కంచం పక్కకి నెట్టీసినాను.

ఆ ఏడు ఎండాకాలం పరీచ్చలు. సోమ, బుధ, శుక్రవారాలు, మూడు పేపర్లు. కెమిస్ట్రీ దెబ్బ తిన్నాది గదా, నన్నడక్కుండా ఎల్లిపోవాలనే సూసింది. దాని అమ్మ వొప్పుకోనేదు. "తాతనడుగు, తరవాతే ఎల్లు" అంది. అడిగింది.

సూసినాను. ఎంత బాగున్నాయనుకున్నావు ఆ మూడు రోజులు! కడిగిన ముత్యాల్లాగున్నాయి. పెళ్లిళ్లకి కూడా అలాటి రోజులు దొరకవు.

"మూడూ బాగోనేవు" అన్నాను.

అవునమ్మా. నానే. ఈ నోటితోనే. పరీచ్చ మారదని అప్పుడు నాకు తెలుసు, సారు కుర్సీ ఏసి మరీ సెప్పినాడు గదా. తెలిసే అన్నాను. అది ఎదురు సెప్తాదని బయమేసి, "దాటినావంటే మీ అమ్మకి కీడు" అని కూడా అన్నాను. అదన్నాక ఇంకెక్కడికెల్తాది?

సోమవారం పొద్దున్న సంచీ తగిలించుకుని పొలిమేర రాయి దాకా ఎల్లింది. అక్కడే కూకుండిపోయింది. జీపొచ్చింది, ఎల్లిపోయింది. అది అలగే కూకుంది, పొద్దు నెత్తి మీదకొచ్చేదాకా. నాను అరుగు మీంచి సూత్తూనే ఉన్నాను. "తప్పు సూసినానే, ఎల్లు" అని ఒక్క కేకేత్తే సాలు, పరిగెత్తుకెల్లిపోయేది. ఎయ్యనేదు.

ఎందుకా? ఏటని సెప్పను. అది డాక్టరైపోతే నాను ఏరుమందు నూరుకునే ముసలాణ్ణయిపోతాను. అంతే. సొంత మనవరాలి మీద కుళ్లు. ఇంత వయసొచ్చినాక! తూ!

తెలీదు, దానికి తెలీదు. ఇప్పటికీ నా లెక్క నిజమే అనుకుంటాది. తాత రోజు బాగోనేదన్నాడని సెప్తే నువ్వు నన్ను మూఢుడంటావని, ఒంట్లో బాగోనేదంది. నీ ముందు తాను దొంగయ్యింది గానీ నా పేరెత్తనేదు. ఆ మాట తలుపవతల ఇన్నాకే, అది అటెల్లగానే నానిటు వొచ్చేసినానమ్మా.

ఏటి, రాసిమ్మంటావా? నాకు రాతెక్కడిది? నువ్వు రాయి, ఏలిముద్రేత్తాను. ఉన్నదున్నట్టు రాయి. పాంగి గాసి అనే దిసారి, మంచి రోజుల్ని సెడ్డ రోజులని సెప్పి మనవరాలిని పరీచ్చలకి ఎల్లకుండా ఆపినాడు... ఆ, అలగే.

తెలుసమ్మా, నువ్వు బయపెట్టక్కర్నేదు. ఈ కాయితంలో మాట మా కొండెక్కిందంటే, వొచ్చే ఏడు నా వాకిట్లోకి ఒక్క ఇత్తనాల బుట్ట రాదు. ఒక్కపాలి అబద్దం సెప్పిన దిసారిని రెండోపాలి ఎవులడుగుతారు? నా తాత సూసినాడు, నా నాయన సూసినాడు, నాతో సరి. ఆ సిరా డబ్బా ఇటు జరుపు. ఇదిగో. సరిగ్గా పడిందా? ఇంకోపాలి నొక్కమంటావా?

మరి గుంట పేరు రాత్తావా? సూత్తానంటే ఏటమ్మా... సరే. సరే, నీ పని నీది.

ఇంకోటుంది. అదీ ఇనీ.

పొద్దున్న జీపెక్కే ముందు ఆగింది. ఇంత సదివింది, మలేరియా పురుగుని అద్దంలోంచి సూసొచ్చింది, అయినా నాకేసి తిరిగి "తాతా, ఇయ్యాల రోజెలగుంది?" అంది.

రాత్రే సూసినాను. బాగోనేదు డాక్టరమ్మా. ఇంత సెడ్డ రోజు ఈ ఏడు నాను సూడనేదు. నా సొంత పనైతే గడప దాటను.

"రోజు మంచిదే, పద" అన్నాను. నవ్వుకుంటా ఎక్కింది. ఎనకాలే నానూ ఎక్కేసినాను. దార్లో ఏదైనా కీడుంటే ముందు ముసలోణ్ణి పట్టుకుంటాది గదా అని.

అదిగో, వొత్తంది. సెప్పుల సప్పుడు. ఆ కాయితం సొరుగులో ఎట్టీ, దాని కంటబడనీకు. అడిగితే తాత నీళ్ల కోసం వొచ్చినాడని సెప్పు.

ఎల్లొత్తాను. ఇంటికెల్లే జీపులో అది నన్ను తప్పకుండా అడుగుతాది, "రోజు మంచిదేనన్నావు గదా తాతా?" అని. ఇయ్యాల రోజు మంచిదో కాదో, ఈ పాలి నువ్వే సెప్పు తల్లీ.