బుగ్గకు ఫికర్ పట్టిన సంగతి

"నాయినమ్మా, మా కాలేజీల ఒక్కొక్కలకు ఒక్కొక్క ఇంగ్లీషు మాట ఇచ్చిండ్రు. దాని అర్థమేంది, యాడ పుట్టింది, అన్నీ రాసుకపోవాలె. నాకు ఫ్లిక్కర్ అన్న మాట వచ్చింది. నీకెట్ల తెలుస్తది గని, ఊకెనే అడుగుతున్న..."

ఫ్లిక్కరా? ఏదీ, మల్లొకసారి అను. ఆఁ, గదే. నాకెట్ల తెలుస్తది అంటవేందే, గా మాట మన వెనుక అర్రల పెరిగింది. నవ్వకు. ఇంగ్లీషోళ్ల దేశంల పుట్టిందని మీ సార్లంటరు, అననియ్యి. పుట్టుడు గక్కడ పుట్టిందేమో, పెరుగుడు మాత్రం మనింట్లనే. గా ఫోన్ల ఎక్కిస్తున్నవా? ఎక్కియ్యి. నా మొఖం రావద్దు, పన్ను లేదు.

యాడ షురూ చెయ్యాలె... అప్పటికి మీ బాపు పుట్టలే. నేను ఆదిలాబాద్ దిక్కుకెల్లి గీ చొప్పదండి పక్క ఊరికి కోడలిగ వచ్చి నాలుగేండ్లు. కాదు, ఐదు. మీ తాత ఎర్రెద్దును అమ్మి నల్లెద్దును తెచ్చిన సాలు, అంటే ఐదే. నా మాటల్ల జర మరాఠీ కలుస్తదని అందరు నవ్వుతుండె. నవ్వితే నాకేం బాధ లేకుండె. బాధ వేరేది. రెండుసార్లు నా కడుపు నిలువలే. ఇగ ఊరు ఊకుంటదా? దాని చెయ్యి మంచిది కాదు, అది పట్టుకున్నది బతుకదు అన్నరు. నేను పెట్టిన బీరతీగె ఎండితె నా పేరే, పక్కింటోళ్ల దూడ సచ్చినా నా పేరే. గా దూడను నేను సూడనన్న సూడలే బిడ్డా.

మా అత్త, అంటే మీ తాత వాళ్ల అవ్వ, ఒక్క మాట అనకపోతుండె. తిట్టదు, వెనుకేసుక రాదు. ఆమె రోజుకు పది మాటలు మాట్లాడితె గది పండుగ. ఏమన్న అడిగితె "ఊఁ" అంటది. గా "ఊఁ"ల ఏమున్నదో నాకు సమజ్ కాక సస్తుంటి. తిట్టినా బాగుండు అనిపిస్తుండె.

గప్పుడు మండలం ఆఫీసోళ్లు ఆడోళ్లకు తెల్లకోడి పిల్లలను పంచిండ్రు, ఇంటికి ముప్పై. పుట్టి రెండు దినాలన్న కాలే, అరచేతిల పెడితె దూదితీరు ఉన్నయి. అందరు తీసుకున్నరు, నేను గూడ తీసుకున్న. తీసుకున్నప్పటి సంది ఊరి కండ్లన్నీ మన ఇంటి మీదనే. ఎన్ని బతుకుతయి, ఎన్ని సస్తయి అని. నేను మనసుల ఒక్కటే అనుకున్న. గివి బతికితె నేను మనిషిని. గివి సచ్చిపోతె ఇగ ఎవలు ఏమన్నా నిజమే అనుకొని ఊకోవాలె. గంతే.

చలికాలం. గప్పటి చలి ఇప్పుడు లేదు. మా అవ్వగారింటి దిక్కైతె పొద్దుగాల బిందెల నీళ్లు ముట్టుకుంటె వేళ్లు కొరుకుతుండె, మా బాపు గొంగడి కప్పుకొనే స్నానం చేస్తనంటుండె... సరే, గదొద్దు. కోడిపిల్లలకు ఎచ్చగ ఉండాలని వెనుక అర్రల ఒక కట్టెపెట్టె పెట్టి, మీద బుగ్గ కిందికి ఏలాడదీసినం. బుగ్గ అంటే బల్బు బిడ్డా, మీరు బల్బంటరు. ఎచ్చగనే ఉన్నయి. గని పొద్దుగాల బాయిలకాడ మోటర్లు పెట్టంగనే కరెంటంత అటు గుంజుకపోయి, గీ బుగ్గ మినుకు మినుకు మినుకు. అది మినుకుమన్నప్పుడల్ల పిల్లలు బెదిరి, కీసుమని అరిసి, పెట్టె మూలకు ఉరికి ఒకదాని మీద ఒకటి ఎక్కుతుండె. మొదటి దినమే కింద పడ్డ రెండు సచ్చినయి. నేను వాటిని కొంగుల పట్టుకొని కూసున్న. ఏడిస్తె ఎవలన్న ఇంటరని ఏడ్వలే.

తెల్లారి కరెంటాయనను పిలుసుకొచ్చిండు మీ తాత. గాయన అర్రలకొచ్చిండు, బుగ్గను సూసిండు, సూసి ఏమన్నడు? "అమ్మా, నీ లైటు ఫ్లిక్కర్ అయితాంది" అన్నడు. నాకెట్ల ఇనవడ్డది? "నీ లైటుకు ఫికర్ అయితాంది" అని, అంటే చింత పట్టిందని.

"ఫికరా? దానికేం ఫికర్?" అన్న నేను.

"మస్తున్నది. ఆఫీసుల కాగితం ఇయ్యుండ్రి" అని పోయిండు.

ఇగ సూడు. మా గడప దాటకముందే ఊరు దాటింది ముచ్చట. గామె ఇంట్ల బుగ్గకు గూడ ఫికర్ పట్టిందట అని! మల్ల నా చెయ్యే. మా పక్కింటి చిన్నమ్మ ఉండె, మంచి మనిషి, నోరు జర పెద్దది. ఆమె మిరపకాయలు, ఉప్పు తెచ్చి బుగ్గకు దిష్టి తీసింది. ఒక ముసలాయన, మాకు మామ వరుస, తీగె దిక్కు సూసి "ఒక్కదాన్నే ఏలాడదీసిండ్రు, దానికి తోడు లేదు, ఇంకొకటి పెట్టుండ్రి" అన్నడు. ఇంకొకటి పెట్టినం. అది గూడ మినుకుమన్నది. "సూసినవా, దీన్ని సూసి దానికి గూడ పట్టింది" అన్నడు.

మీ తాత సంగతి చెప్పాల్నా? చెప్తే పైకెల్లి కోపానికొస్తడు, అయినా చెప్తా. పెట్టె పక్కన కూసున్నడు, బుగ్గ దిక్కు మొఖం పెట్టిండు, "ఏమైంది? మనసుల పెట్టుకోకు, నాకు చెప్పు" అన్నడు. ఎవలో గప్పుడే మోటర్ బంద్ చేసిండ్రు గావచ్చు, బుగ్గ నిమ్మళంగ నిలువున వెలిగింది! ఇగ ఊరంత నమ్మింది. ఒకరి ఎన్క ఒకరు వచ్చి దానితోటి మాట్లాడుడు. రెండు దినాలైనంక ఏమైందంటె, దాని ఫికర్ అడిగేది పోయి వాళ్ల ఫికర్లు దానికి చెప్పుకునుడు మొదలుపెట్టిండ్రు. మస్కట్ పోయిన మొగని కాడికెల్లి ఉత్తరం రాలేదని ఒకామె, తమ్ముడు మాట్లాడుతలేడని ఒకాయన. నా అర్రల నాకు నిలవడ జాగ లేకుండె. నేను పెట్టె కాడ కూసొని కోడిపిల్లలను మూలకెల్లి గుంజుడు, నడుమల ఇడుసుడు. మల్ల మినుకు, మల్ల గుంజుడు. అన్నం తిన్ననో లేదో గూడ యాదికి లేదు.

కాగితం రాయాలె గద. బడిల సారు ఉండె, సదువుకున్నాయన, చిన్న ముచ్చటకు అర్ధగంట చెప్తడు. పోయి "సారూ, బుగ్గకు ఫికర్ అయితాందని రాయుండ్రి" అన్న. గాయన నవ్వి నవ్వి అద్దాలు తుడుసుకున్నడు. "ఫికర్ కాదమ్మా, ఫ్లిక్కర్. ఎలుగు నిలువకుండ అల్లాడుడు" అన్నడు. గప్పుడు మబ్బు ఇడిసింది నాకు. అంతటితోటి ఊకుంటే మంచిగుండు. గాయన ఇంత మందం పుస్తకం తీసిండు. తీసి చెప్పిండు, నువ్వు గిది రాసుకో. వెనకటికి ఇంగ్లీషోళ్లు గా మాటను దీపానికి వాడలేదట. పక్షికి వాడిండ్రట. పక్షి రెక్కలు టపటప కొట్టుకునుడు, గాలిల ఒక్కతాననే అల్లాడుకుంట నిలవడుడు, గదీ ఫ్లిక్కర్. మస్తు ఏండ్లయినంక, దీపం గాలికి గట్లనే కొట్టుకుంటది గద అని దానికి గూడ పెట్టుకున్నరట. మొదలు రెక్క, ఎనుక దీపం. నాకు మంచిగనిపిచ్చింది. నా పెట్టెల రెండూ ఉన్నయి అనుకున్న.

గని సారు ఏం చేసిండు? అర్జీల గిదంత రాసిండు! "పూర్తి అర్థం ఉండాలె గద" అని. అర్జీ మొత్తం ఇంగ్లీషుల. ఏ ఊరి ఆఫీసో నేను చెప్ప, గాయన పిల్లలు ఇంకా మనకు కనవడుతరు. గక్కడ దాన్ని తెలుగు చేసినాయన ముందున్న అర్థమే పట్టుకున్నడు. "నా ఇంటియందలి బల్బు రెక్కలు కొట్టుకొనుచున్నది" అని రాసిండు. గక్కడి పెద్ద సారు సదివి, రెక్కలున్నదైతె మన శాఖ కాదు అని పశువుల దవాఖానకు పంపిచ్చిండు. గా కాగితం నేను నా కండ్లతోటి సూసిన బిడ్డా, మీద మూడు ముద్రలున్నయి.

ఇగ పశువుల డాక్టరు వచ్చిండు. సన్నగ, పొడుగ్గ, చేతిల సంచి. గుమ్మంల నిలవడి "బల్బు ఏది?" అన్నడు.

"లోపల ఉన్నది సారూ."

"ఎన్ని దినాల సంది గిట్ల ఉన్నది?"

"పది."

కాగితం తీసిండు. "వయసు?"

"తెచ్చి ఆర్నెల్లు."

"మేత?"

"కరెంటు సారూ."

"దినానికి ఎన్నిసార్లు?"

"వాళ్లు ఇడిసినప్పుడు."

రాసుకుంటనే ఉన్నడు! నవ్వడు. మగదా ఆడదా అంటె మీ తాత ఎనుకకెల్లి "ఇంకా తెల్వలే సారూ" అన్నడు. నేను "మీరు గూడనా సారూ?" అన్న. "ఏం జెయ్యాలమ్మా, కాగితం నా కాడికి వచ్చింది, నింపకపోతే అది నన్ను ఇడువదు" అన్నడు పాపం.

గప్పుడే మోటర్లు పెట్టిండ్రు. బుగ్గ మినుకుమన్నది. పిల్లలు కీసుమని మూలకు ఉరికినయి. గాయన చేతిలకెల్లి కాగితం కింద పడ్డది, మోకాళ్ల మీద కూలవడ్డడు, ఒక్కొక్కదాన్ని పైకెల్లి తీసి పక్కకు పెట్టిండు, కింద నలిగినదాన్ని రెండు చేతుల పట్టుకొని నోటితోటి ఎచ్చగ ఊదిండు. అది కదిలింది. గాయన నా దిక్కు సూసి, "చలి కాదమ్మా, వీటిని బెదురు సంపుతాంది. బుగ్గను తియ్యి. మూల ఉంటెనే గద మీద మీద పడుతయి, మూలలే లేకుండ చెయ్యి" అన్నడు. పెట్టె తీసేసిండు. ఈత చాపను గుండ్రంగ నిలవెట్టి పిల్లలను నడుమల ఇడిసిండు. కడవల కాగిన నీళ్లు పోసి, గోనెసంచి చుట్టి నడుమ పెట్టు, సల్లారినప్పుడల్ల మార్చు అన్నడు.

నేను ఇంకా లేవనే లేదు. మా అత్త లేచింది. పొయ్యి అంటువెట్టి నీళ్లు ఎక్కిచ్చింది. గా దినం సంది పదిహేను దినాలు, నేనొకపారి, ఆమె ఒకపారి, కడవలు మార్చినం. ఒక్కతాన కూసున్నా ఏం మాట్లాడుకోలే. ఆమె "ఊఁ" అంటే నేను లేసేది, నేను "ఊఁ" అంటే ఆమె లేసేది. ఇరవై ఎనిమిదికి ఇరవై ఎనిమిది బతికినయి. ఎండకాలం వరకు వాకిట్ల తిరుగుతుంటె మా చిన్నమ్మ దినాం లెక్కపెడుతుండె, ఒక్కటన్న తక్కువైతదేమో అని. మంచి మనిషే అంటి గద.

ఇగ అయిపాయె అనుకున్నం. వానకాలం ఎల్లినంక ఒకాయన వచ్చిండు సైకిల్ మీద. కాగితం ఇంకా ఖతం కాలేదట. వాకిట్ల నిలవడి సదివిండు, "సదరు బల్బు ప్రస్తుతము జీవించియున్నదా, లేక మరణించినదా?" అని. చిన్నమ్మ ఉన్నది, మామ ఉన్నడు, నలుగురు ఆడోళ్లు బీడీలు చుట్టుకుంట కూసున్నరు. అందరు నా దిక్కే సూసిండ్రు. నేను వెనుక అర్ర దిక్కు సూసిన. ఎందుకంటవా? గా బుగ్గ అప్పటికే మాడిపోయింది. తీగె తెగి నెల దాటింది, గోడకు ఊకెనే ఏలాడుతాంది.

మా అత్త చేటల బియ్యం ఏరుతుండె. తల ఎత్తలే. "ఉన్నది" అన్నది. గాయన రాసుకుంటాండు. ఆమె చేట కింద పెట్టింది, గప్పుడు ఎత్తింది తల. ఎత్తి గాయనను సూడలే, గా ఆడోళ్ల దిక్కు సూసుకుంట అన్నది:

"మా కోడలు సాదుతాంది. మా కోడలి చేతిల పడ్డదానికి సావు లేదు. గది గూడ రాసుకో."

జిందగీ మొత్తంల ఆమె అబద్ధం ఆడంగ నేను ఇన్నది గదొక్కటే బిడ్డా. గాయన నిజంగనే రాసుకున్నడు. నేను కోళ్లకు గింజలేస్తనని ఎనుకకు పోయి గోడకు ఆనుకొని మస్తు ఏడ్సిన, ఐదేండ్లది ఏడ్సిన...

ఇగో, నువ్వెందుకే కండ్లు తుడుసుకుంటవు? రాసుకో. మొదలు రెక్క, ఎనుక దీపం. మీ సారు ఏమన్న అంటె నా కాడికి తోలుకరా. సల్లంగ ఉండు నా తల్లీ, నీ చేతిల పట్టుకున్నదంత నిలువాలె... గా ఫోను బంద్ చెయ్యి ఇగ, ఊకె దాని కరెంటు ఒడుస్తది.