నిండు బోటుకు తగిన పంకా

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జూన్ అయిదవ తేదీ, సోమవారం ఉదయం మన జలరవాణా సంస్థ మరమ్మతుల షెడ్డులో జూనియర్ ఇంజనీరుగా అడుగుపెట్టి, ఈ నెలాఖరున ప్రధాన ఇంజనీరు హోదాలో పదవీ విరమణ చేయనున్న మన ఇంజనీరు గారిని గురించి నాలుగు మాటలు రాసే అవకాశం నాకు లభించడం నా అదృష్టంగా భావిస్తున్నాను. వారికంటే కొద్ది నెలల ముందు అకౌంట్సు విభాగంలో చేరినవాణ్ణి కావడం వల్ల, ఆనాటి షెడ్డును, ఆనాటి మనుషులను, ఆనాటి వారి ఒత్తయిన నల్లని జుట్టును కళ్ళారా చూసినవారిలో ఇంకా సర్వీసులో మిగిలింది నేనొక్కణ్ణే. రెండు పేజీలు దాటవద్దని సంచిక సంపాదకవర్గం వారు ముందే కట్టడి చేశారు. ఇన్నేళ్ళూ ఇతరుల బిల్లులకు కోతలు పెట్టిన చేయి కనుక ఆ కట్టడి నాకు న్యాయంగానే తోచింది.

ఆ షెడ్డును ఇప్పుడు తలచుకుంటే మనసు ఎక్కడికో వెళ్ళిపోతుంది. వానకు చెవులు చిల్లులు పడేలా మోగే రేకుల కప్పు, నూనె మరకల నేల, తలుపు తీయగానే ముక్కుకు తగిలే గ్రీజు, తడి తాళ్ళ వాసన, గోడకు వరుసగా తగిలించిన పాత ప్రొపెల్లర్లు. ప్రొపెల్లర్ అనే మాట కాగితాల మీదే ఉండేది. నోటితో అందరూ పంకా అనే అనేవారు. చేరిన రోజున ఇంజనీరు గారు తమ కుర్చీ ఎక్కడని అడగలేదు. బడిపిల్లల బోటుకూ, టపా బోటుకూ, ఆస్పత్రి బోటుకూ ఒకే కొలత పంకా ఎందుకున్నదని అడిగారు. అన్నీ ఒక్కసారే కొన్నాం కనుక అని అప్పటి స్టోర్సు అధికారి ఎంతో నిజాయితీగా జవాబిచ్చారు. ఆ జవాబు విని నవ్వకుండా ఉండగలగడంలోనే వారి సంస్కారం మాకు తెలిసింది.

ఈ సంచికను ఇంటివారు కూడా చదువుతారు కనుక ఒక్క మాట వివరించాలి. బోటు వెనుక తగిలించే మోటారు ఎంత గొప్పదైనా, నీటిని నెట్టేది దాని అడుగున తిరిగే పంకాయే. పంకాకు వెడల్పుతోపాటు పిచ్ అని మరో కొలత ఉంటుంది. ఒక్క చుట్టు తిరిగితే అది బోటును ఎంత ముందుకు తోయాలో చెప్పే కొలత అది. పిచ్ ఎక్కువైతే ఖాళీ బోటు బాణంలా దూసుకుపోతుంది గాని, బరువెక్కిందా, మోటారు రొప్పుతుంది. మరీ తక్కువైతే మోటారు ఊరికే గింజుకుంటుంది తప్ప దారి సాగదు. బోటు మోయబోయే బరువంతా ఎక్కించి, మోటారును పూర్తి జోరుకు వదిలినప్పుడు, తయారీదారు చెప్పిన వేగంతో అది తిరగగలగాలి. అలా తిరగనిచ్చే పంకాయే ఆ బోటుకు తగినది. ఇంతటి విషయం అకౌంట్సువాడి బుర్రకెక్కించిన ఘనత కూడా ఇంజనీరు గారిదే.

తొలి రెండేళ్ళలో వారు బడిపిల్లల బోటును, టపా బోటును సరిచేశారు. పిల్లలు వేళకు బడికి చేరసాగారు. అందుకు పిల్లల నుంచి తప్ప అందరి నుంచీ ప్రశంసలు వచ్చాయి. ఇక మిగిలింది ఆస్పత్రి బోటు. అవతలి ఒడ్డు నుంచి రోగులను పట్టణంలోని ఆస్పత్రికి చేర్చే ఆ బోటుకు డ్రైవరు ఎవరో కాదు, ఇంజనీరు గారి తండ్రిగారు.

ఆయనను అందరూ తుపాను అనేవారు. రోగిని దింపి ఖాళీ బోటుతో తిరిగి వస్తున్నప్పుడు ఆయన వేగాన్ని చూడడానికి రేవులో జనం పని మానుకుని నిలబడేవారు. ఉద్యోగం ముగియడానికి ఇక ఎంతో కాలం లేని ఆ మనిషికి ఆ వేగమే కీర్తి, ఆ వేగమే ఆస్తి. అలాంటి తండ్రి నోట తన పని గురించి ఒక్క మంచిమాట వినాలన్నది ఇంజనీరు గారి చిరకాల కోరిక. దైవం ఆ తండ్రి బోటుకే పంకా మార్చవలసిన పనిని ఆ కొడుకు నెత్తిన పెట్టింది.

పిచ్ తగ్గించి నాలుగు రెక్కల పంకా వేస్తామన్న మాట చెవిన పడగానే పెద్దాయన కొడుకుతో మాట్లాడడం మానేశారు. ఇంట్లో ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తూ ఉప్పు కావాలన్నా తల్లిగారి ద్వారానే అడిగేవారట. ఆఫీసులో ఆ బాధ్యత నాకు సంక్రమించింది. ఇద్దరి మధ్యా కబుర్లు మోసి మోసి నా చెప్పులరిగాయి. ఉద్యోగం నుంచి దిగిపోయేముందు తనను నత్తను చేస్తున్నారని మీ ఇంజనీరు గారితో చెప్పు అనేవారు పెద్దాయన. అది చెబితే ఇంజనీరు గారు తల వంచుకుని కాగితాలు సర్దుకునేవారు.

అయితే కోపంలోనూ పెద్దాయనకు బోటు మీద మమకారం చావలేదు. స్టీలు పంకా తెప్పిస్తున్నారని విన్న రోజున నన్ను పిలిచి, "అబ్బాయ్, ఆ ఇసుక మేటల మీద స్టీలు పంకా తగిలితే దానికేం కాదు, లోపల గేర్లు పోతాయి. అల్యూమినియందైతే రెక్క వంగి ఊరుకుంటుంది. నేను చెప్పానని చెప్పకు" అన్నారు. నేను వెళ్ళి, ఆయన చెప్పారని చెప్పాను. ఇంజనీరు గారు కాసేపు ఆలోచించి, స్టీలు కొట్టేసి అల్యూమినియం అని రాశారు. తండ్రి నుంచి వచ్చిన మాటను తీసుకోవడానికి ఆయనకు ఎన్నడూ చిన్నతనం లేదు.

ఆ తరువాత జరిగిన పరీక్షను ఈ కార్యాలయం మరువలేదు. ఆస్పత్రి బోటులో రోగితో ఒక్కరే ఎక్కాలని నిబంధన. ఆ నిబంధనను ఏ కుటుంబమూ పాటించిన దాఖలా లేదు. తల్లి, అత్త, మేనమామ, దుప్పట్ల మూటలు, ప్లాస్కు, అన్నీ ఎక్కుతాయి. కనుక అంత బరువుతోనే పరీక్షించాలని పట్టుబట్టి, ఇంజనీరు గారు కార్యాలయాన్నంతటినీ రేవుకు రప్పించారు. నా ఆకారాన్ని చూసి రోగి పాత్ర నాకే అప్పగించారు. టైపిస్టు మేడమ్‌గారిని అత్తగారి స్థానంలో కూర్చోబెట్టారు. ఆవిడకు నేర్పవలసిన అవసరం రాలేదు. స్టోర్సు అధికారి మూటలను ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూర్చున్నారు. డ్రైవరు స్థానంలో పెద్దాయన, ఎవరి వంకా చూడకుండా.

మొదట పాత పంకాతో వెళ్ళాం. మోటారు మూలుగుతోంది, బోటు ముక్కు పైకి లేచింది, ఇక దిగదు. స్ట్రెచరు మీద పడుకున్న నాకు నా పాదాలు, వాటి మీదుగా ఆకాశం తప్ప మరేమీ కనిపించలేదు. తిరిగి వచ్చి కొత్త పంకా బిగించి మళ్ళీ బయలుదేరాం. ఈసారి ముక్కు లేచి, వెంటనే దిగి, అంత బరువుతోనూ బోటు నీటి మీదికి లేచి తేలిగ్గా జారుతూ సాగింది. ఇక ఖాళీ బోటుతో చూస్తే మునుపటి వేగం లేదు. పెద్దాయన బోటు కట్టి, టోపీ తీసి చేతిలో పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయారు. ఇంజనీరు గారి ముఖం చూసి మాలో ఎవరికీ చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు.

తరువాత కొన్ని వారాలకు, అవతలి ఒడ్డున చెల్లెలింటికి వెళ్ళిన ఇంజనీరు గారి తల్లిగారికి మధ్యాహ్నం వేళ గుండెనొప్పి వచ్చిందని ఫోను వచ్చింది. డ్యూటీలో ఉన్నది పెద్దాయనే. ఎదురుగాలి, పైగా పోటు తగ్గి నీళ్ళు తీసి ఉన్నాయి. మేము రేవులో నిలబడ్డాం. బోటు కనిపించింది. అందులో రోగి, నర్సు, చెల్లెలు, మరిది, పొరుగింటివాళ్ళు ఇద్దరు, మామూలుగానే మూటలు. ఇంజనీరు గారు నా చేయి గట్టిగా పట్టుకుని, "లేచిందండీ" అన్నారు. బోటు గురించే అన్నారు. ముక్కు దించుకుని నీటి మీద సాఫీగా వస్తోంది.

తల్లిగారిని స్ట్రెచరు మీద తీసుకుపోతుంటే ఇంజనీరు గారు రేవు మెట్ల మీద అలాగే నిలబడిపోయారు. తాడు చేతిలో పట్టుకుని పెద్దాయన కొడుకు దగ్గరికి వచ్చి, అన్ని నెలల తరువాత మొదటిసారి నేరుగా మాట్లాడారు.

"నిలబడిపోయావేంరా? అమ్మ నిన్నే అడుగుతోంది. వెళ్ళు, బోటు సంగతి నేను చూసుకుంటా."

ఇంకాస్త ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని వైద్యులు ఆ సాయంత్రం చెప్పారు. తల్లిగారు కోలుకుని, ఆ తరువాత ఎన్నో ఏళ్ళు బ్రతికి, కోడలితోనూ మనవలతోనూ చల్లగా కాలం గడిపారు. తండ్రీకొడుకులు కూడా ఎప్పటిలాగే మాట్లాడుకోసాగారు. అయితే ఆ పంకా ప్రస్తావన మాత్రం పెద్దాయన మళ్ళీ ఎత్తలేదు, ఉద్యోగం ముగిసే రోజున కూడా. ఒకసారి క్యాంటీనులో టీ తాగుతూ ఇంజనీరు గారు, అమ్మ దక్కింది, అంతకన్నా ఏం కావాలి అన్నారు. గ్లాసు కింద పెట్టి, అయినా నాన్న ఒక్కసారి బాగుందని ఉంటే బాగుండేదండీ అన్నారు. అప్పటికి వారు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. నాకు మాత్రం మార్కుల కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లవాడిలా కనిపించారు.

అంచెలంచెలుగా ఉన్నత పదవులు వారిని వరించాయి. ప్రతి బోటునూ నిండు బరువుతో పరీక్షించడం సంస్థ నియమమైంది. కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగీ ముందుగా ఒకసారి బరువుగా బోటెక్కి, ఆ పైననే కుర్చీ ఎక్కడం ఆనవాయితీ అయింది. ఇన్ని పంకాలను సరిచేసిన మహానుభావులు ఇంట్లో ఫ్యాను బాగుచేయమంటే నెల రోజులు వాయిదా వేస్తారని వారి శ్రీమతి, మా వదినగారి ఫిర్యాదు. దానిని ఈ సంచికలో నమోదు చేయమని ఆవిడే నన్ను ఆదేశించారు.

తొంభై దాటిన పెద్దాయన ఇప్పుడు కొడుకు దగ్గరే ఉంటున్నారు. చూపు మందగించింది గాని మాట పదును తగ్గలేదు. పోయిన వారం, పదవీ విరమణ ఉత్తర్వు చేతికందిన సాయంత్రం, ఇంజనీరు గారు ఆ వార్త చెప్పడానికి తండ్రి మంచం పక్కన కూర్చున్నారు. పెద్దాయన అంతా విని అన్నారట:

"నువ్వు కూడా దిగిపోతే, నిండు బోటుకు పంకా ఎవరు చూస్తార్రా?"

మర్నాడు ఉదయం ఇంజనీరు గారు నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసి ఈ మాట నాకు చెప్పారు. చెప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. నేను ఇద్దరికీ టీ తెప్పించాను.

పెద్దాయన ప్రశ్నకు మా సంస్థ దగ్గర ఇంకా సమాధానం లేదు. మా ఇంజనీరు గారికి మేము అర్పించగల అభినందనలలో ఆ ప్రశ్నను మించినదీ లేదు. ఇన్నేళ్ళూ ఉద్యోగాన్ని అడ్డం పెట్టుకుని తండ్రీకొడుకులిద్దరూ దాటేసిన మాటలన్నీ తీరుబడిగా చెప్పుకొనేటంత ఆయువును, విని నవ్వుకొనేటంత ఆరోగ్యాన్ని భగవంతుడు ఇద్దరికీ సమృద్ధిగా ప్రసాదించుగాక.