ప్లగ్గు పెరికిందెవరు?

ఈ షహీన్ వల్లనే కంప్యూటర్ చెడిపోయిందని ధర్మవరమంతా చాటిస్తివే రామాంజినేయులన్నా! నీ మగ్గాలకు డిజైన్లు గీసేదాన్నని గదా అంత అలుసు? కుర్చీ వద్దులే, నిలబడే మాట్లాడతా.

నేనేం చేసినా? కంప్యూటర్ నడిపే లైనక్స్‌లో ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాములు, పాతబడినాయని కొత్తవి ఎక్కిస్తాంటి. ఒక ప్యాకేజీ కాడ తట్టుకుని తెర మీద ఎర్రక్షరాలు వచ్చినాయి. రానీ! మిగతావి ఎక్కుతానే ఉండె కదా? యాడ తట్టుకునిందో ఆ ఎర్రక్షరాల్లోనే ఉంటాది. నింపాదిగా చదువుకోవల్ల. సగంలో ఆగినదాన్ని మళ్లా పూర్తి చేయించొచ్చు. కాకపోతే దాన్ని తీసేసి పాతదే పెట్టుకోవచ్చు. దానికింత రచ్చ ఎందుకు?

"ముట్టొద్దన్నా, నీళ్లు తాగొస్తా" అని చెప్పే పోతి. వచ్చేలోపల ప్లగ్గు పెరికేస్తివి! పోగు తెగితే మగ్గం ఆపల్ల కదా అంటివి. అది మగ్గమా అన్నా? ప్యాకేజీలు సర్దుకునేటప్పుడు కరెంటు తీస్తే పాతదీ మిగల్దు, కొత్తదీ నిలబడదు.

అయినా బాగుచేసుందును. డిజైన్లు లోపల భద్రంగానే ఉండె. నువ్వు బెదిరిపోయి హిందూపురం నుంచి ఎవున్నో పిలిపిస్తివి. వాడు డిజైన్లతో సహా డిస్కంతా తుడిచి పాయె. వద్దు వద్దని అరిస్తే వింటివా?

పైగా నేసేవాళ్లందరినీ పిలిచి, "ఈ పిల్లే చెడగొట్టింది" అంటివి. ఈశ్వరక్క నా మొకం కూడా చూడలేదు. మగ్గానికెక్కించే అట్టలకు బొక్కలు కొట్టేకి డిజైను లేక ఆయమ్మ మగ్గం ఖాళీగా ఉండాది. నా వల్లనే కూలి పోయిందనుకుంటాంది.

ఇప్పుడు పిలిపించి మళ్లా గీసియ్యమంటావా? సిగ్గులేదా? గీసే పనే లేదు. కొత్తవి ఎక్కించే ముందరే డిజైన్లన్నీ సీడీలోకి తీసుకున్నా. అది చేయకుండా నేను మొదలే పెట్టను. ఇంట్లో ఉండాది.

చెయ్యి చాపొద్దు! ముందు అందరినీ పిలువు. ప్లగ్గు పెరికింది నేనేనని నీ నోటితో చెప్పు. ఆ నిమిషమే తెచ్చిస్తా.

ఏందన్నా, లెక్కల పుస్తకం తెరిస్తివి? నీకు మగ్గాలు ఆగినా పర్వాలేదు, పరువు పోకూడదు.

నేను మాత్రం ఏం తక్కువ? ఈశ్వరక్క ఇంట్లో పొయ్యి వెలగలేదని తెలిసీ సీడీ దాచుకోనే ఉన్నా. రాత్రి నిద్ర రాలేదు. అయినా ఇయ్యను పో.