చుక్క ఎందుకు ఆగింది?

ఆగిరిపల్లి తోటల్లో కోతలు ఆపుకుని వచ్చిన అన్నలారా, అక్కలారా, తోటి అధ్యాపకులారా, విద్యార్థులారా,

మన కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌కి పెద్దదిక్కు పోయింది. గుండెపోటుతో లేయా మేడమ్ మనల్ని విడిచి వెళ్లారు. ఆవిడ పక్క గదిలో ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన మార్టిన్‌ని నేను. బాధ ఉంది. అయినా ఈ రోజు తలెత్తుకునే మాట్లాడతాను.

ఆవిడ పరిశోధన ఏమిటి? అద్దం మీద నీటిచుక్క సాఫీగా పరుచుకుంటుంది. అదే నీటిలో సన్నటి గాజు రేణువులు కలిపి, జున్నులా మెత్తగా ఉండే జెల్ మీద వేస్తే? కాస్త పాకుతుంది, ఆగుతుంది, ఉన్నట్టుండి మళ్లీ జరుగుతుంది. ఎందుకలా? వాళ్లమ్మ ఆరోగ్యమ్మగారు మామిడి తాండ్ర వేసేటప్పుడు, ఆరీ ఆరని పొర మీద రసం సరిగా పారకపోవడం చూసిన నాటి నుంచీ ఆవిడకు అదే ప్రశ్న.

రేణువులు అంచుకు చేరి చుక్కను ఆపుతున్నాయని ఆవిడ తేల్చారు. హైదరాబాద్ సదస్సులో పెద్దలు మెచ్చుకున్నారు. తర్వాత ఏం జరిగింది? రేణువులు లేని ఉత్త నీటిచుక్క కూడా ఆ జెల్ మీద ఆగుతోందని, మేడమ్ దగ్గర పరిశోధన చేస్తున్న అనూష గమనించింది. చెప్పడానికి భయపడింది. "భయమెందుకమ్మా? ఆ జెల్ ప్లేటు ఇటు తే, నేనూ చూస్తాను" అన్నారు మేడమ్.

చూశారు. చుక్క అంచే మెత్తటి జెల్‌ను పైకి లాగి, చిన్న గట్టు కట్టుకుంటోంది. ముందు ఆపేది ఆ గట్టు. రేణువులు ఆ ఆగడాన్ని పెంచుతున్నాయి, అంతే.

అప్పటికి ప్రమోషన్ ఇంటర్వ్యూ దగ్గరపడింది. అది అయ్యాక చెప్పొచ్చు కదా అన్నారు కొందరు. "ఇంటర్వ్యూలో దీని గురించే అడుగుతారండీ. తప్పని తెలిసీ ఎట్లా చెప్పను?" అన్నారావిడ. ఇంటర్వ్యూకి ముందే మళ్లీ అదే సదస్సుకు వెళ్లి, "నేను చెప్పింది సగమే. మిగతా సగం ఈ అమ్మాయి కనిపెట్టింది" అని అనూషను మైకు ముందుకు పంపారు.

ప్రమోషన్ రాలేదు. ఆ కబురు తెలిసిన రోజునే మేడమ్ స్టాఫ్ రూంలో మిఠాయి పంచారు. ఎందుకండీ అని అడిగాను. "చుక్క ఎందుకు ఆగుతుందో తెలిసింది కదా, మార్టిన్ గారూ" అన్నారు.

మిత్రులారా, ఇలాంటి మనిషితో పనిచేశామని చెప్పుకోవడానికి మనం గర్వపడాలా, వద్దా?

ఆరోగ్యమ్మగారూ, మీరు కూర్చునే ఉండండి. మీ బిడ్డ కోసం మేం లేస్తాం. దయచేసి అందరూ లేచి, కాసేపు మౌనంగా నిలబడండి.