ససేమిరా అన్న రివర్సు గేరు

హలో… ఆ, నేనే బాబూ, మీ అత్తయ్యని. డ్రైవింగ్ టెస్టు దగ్గర్నుంచి.

…

లేదు, ఇంకా అవ్వలేదు. నా ముందు ఇద్దరున్నారు. బాబూ, కోపంగా అంటున్నానని అనుకోకండి. నా జన్మలో అల్లుడి మీద గొంతెత్తినదాన్ని కాదు… కానీ నా కొంప ముంచారు!

…

గేరు రాడ్డు బాబూ, గేరు రాడ్డు! నిన్న సెలవు పెట్టి మరీ నా కారుకి బిగించారే, ఆ పొట్టిది. రేసు కార్లలో ఉంటుందన్నారే, అదే. ముందు గేర్లన్నీ వెన్నలా పడుతున్నాయి. రివర్సు మాత్రం ససేమిరా అంటోంది!

…

నొక్కాను. నొక్కి, ఎడమ పక్కకి లాగి, ముందుకి తోశాను… తోశాను బాబూ! బతిమాలాను కూడా. టక్కుమని దేనికో తగిలి అక్కడే ఆగిపోతోంది.

…

పొద్దున ఎలా తెలుస్తుంది? ఇంట్లోంచి తిన్నగా ముందుకే వచ్చాను కదా. లైసెన్సున్న మనిషి పక్కనుండాలని పక్కింటాయన నా పక్కన కూర్చుని తీసుకొచ్చి, బస్సెక్కి వెళ్లిపోయాడు.

…

టెస్టు పెట్టేవాళ్లు కారు ఇవ్వరు. ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలట.

…

వాయిదానా? అమ్మో! ఇవాళ శుక్రవారం. సోమవారానికి లైసెన్సు చూపిస్తేనే బేకరీ వ్యాను నాకిస్తారు, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. యాభై మూడేళ్లకి నాకంటూ ఒక ఉద్యోగం వచ్చింది బాబూ… ఇదివరకు టెస్టు రెండుసార్లు తప్పానా, రెండుసార్లూ వెనక్కి నడపడం దగ్గరే!

…

మీరేంటి, అలా గుసగుసలాడుతున్నారు? … కుర్చీలో పేషెంటా? నోరు తెరిపించి పెట్టారా! అయ్యో పాపం… కాసేపు అలాగే ఉండమనండి. పన్నెక్కడికీ పారిపోదు.

…

ఆ, తోలు తొడుగు పైకి లాగాను. … ఉన్నాయి, రాడ్డుకి అటొకటి ఇటొకటి, రెండు బోల్టులు. … రాడ్డు మరీ పక్కకి పోకుండా ఆపేవి అవేనా? … ఎడమదా? స్పానరుంది, మీరే డిక్కీలో మర్చిపోయారు. … బిగించాలా? సరే… ఒక చుట్టు… ఇంకో చుట్టు… ఇప్పుడు చూస్తానుండండి…

బాబూ!

ఇప్పుడు ఫస్టు గేరు కూడా పోయింది!

…

నవ్వట్లేదు… అంటే, నవ్వుతున్నాను, ఏం చెయ్యను? ఏడవాల్సిన చోట నవ్వు తన్నుకొస్తోంది. మీరు పళ్లే చూసుకోవాల్సింది నాయనా!

…

ఆగండి. ఆ ఊ ఊ అని అరుస్తున్నదెవరు? … మీ పేషెంటా? నొప్పేమో చూడండి! … నొప్పి కాదా? చేతులు ఊపుతున్నాడా? … ఏంటీ, ముప్పై ఏళ్లు లారీలు బాగుచేసిన మెకానిక్కా! ఆయన కడుపు చల్లగా! ఇంతసేపూ అలాంటి మనిషి నోట్లో దూది కుక్కి కూర్చోబెట్టారా!

…

మత్తిచ్చారా, మాట రాదా… సరే, వేళ్లతో చూపించమనండి. మీరు చూసి చెప్పండి. సొంత తెలివి కలపకండి, మీకు పుణ్యముంటుంది.

…

వదులు చెయ్యాలా! బిగించడం కాదా? … అదిగో, ఆ మాటే ముందు ఆయన్ని అడగాల్సింది. … ఎన్ని వేళ్లు? … అయిదా! అయిదు చుట్లు వెనక్కి… ఒకటి, రెండు… పక్క కారావిడ నన్నే గుడ్లప్పగించి చూస్తోంది, చూడనీ… మూడు, నాలుగు… అయిదు. నొక్కి… ఎడమకి… ముందుకి…

పడింది! పడింది పడింది పడింది!

…

ఇంకా అవ్వలేదా? … ఆ, రివర్సులోనే ఉంచాను. బోల్టు రాడ్డుకి తగిలేదాకా తిప్పాలి… తగిలింది. … అక్కణ్ణుంచి అరచుట్టు వెనక్కి? అర ఎలా చూపించాడు? … వేలు మడిచాడా! అబ్బ, ఏం మనిషండీ! … బోల్టు కదలకుండా దాని నట్టు బిగించేశాను. ఫస్టు… పడింది. రివర్సు… ఎంత మెత్తగా పడిందో!

నువ్వు నా బంగారు తండ్రివిరా!

…

నువ్వన్నానా? అన్నాను! ఆరేళ్లుగా మీరు, తమరు అని నా నోరు నొప్పి పుట్టింది. ఇంక నా వల్ల కాదు. … ఏంటీ, నువ్వూ అదే కోరుకున్నావా? మరి చెప్పవేం?

…

అమ్మో, నన్నే పిలుస్తున్నారు! పెట్టేస్తున్నా. ఈ ఫోను… సంచిలో… ఆ, వస్తున్నా మేడమ్!

…

నమస్తే మేడమ్. … అవును, మూడోసారి. … చేతులకి గ్రీజా? ఏం లేదు మేడమ్, కాస్త పని పడింది. … బెల్టు పెట్టుకున్నాను.

…

తిన్నగా… కుడికి… ఆ, ఇక్కడ ఆపాను.

…

వెనక్కా? ఆ కర్రల మధ్యకా? … వేస్తాను మేడమ్.

…

పడింది! … ఏం లేదు మేడమ్, మనసులో అనుకోబోయి పైకి అనేశాను.

…

…

ఆపేశాను. … తగల్లేదా? ఒక్క కర్రకీ? … మేడమ్, ఏమన్నారు? … ఇంకొకసారి అనండి. … ఇంకొక్కసారి, మీకు దండం పెడతాను!

…

థాంక్యూ మేడమ్… జాగ్రత్తగా దిగండి…

ఇదేంటి, సంచిలో ఎవరో అరుస్తున్నారు… హలో? నువ్వా! నేను ఫోను కట్ చెయ్యలేదా? అంతా విన్నారా, ఇద్దరూ?

…

పాస్! కాగితం నా చేతిలోనే ఉంది. … ఆయన ఏడుస్తున్నాడా? మత్తు దిగిందేమో చూడు నాయనా! … సంతోషానికా? అయ్యో… సోమవారం ఆయన ఇంటికి మొదటి రొట్టె నేనే తీసుకెళ్లి ఇస్తానని చెప్పు. … నమలలేడా? మెత్తటిదే తెస్తాలే!

…

మా అమ్మాయికి నువ్వు చెప్పొద్దు. నేనే వచ్చి చెప్తాను. … బస్సెందుకు? నా కారుంది కదా.

…

పక్కన ఎవరు కూర్చుంటారా? ఎవరూ కూర్చోరు. … ఎవరూ అక్కర్లేదు. ఒక్కదాన్నే వస్తాను.

…

ఆ… ఒక్కదాన్నే.

…

జాగ్రత్తగానే వస్తాను. ఇంక ఉంటానురా. నేను బండి నడపాలి.