ఎర్రకణం మధ్యలో చుక్క

ముందుగదిలో ట్యూషన్ పిల్లల బల్లలు ఖాళీగా ఉన్నాయి. మాస్టారు రేపటి పాఠానికి బోర్డు మీద రక్తకణాల బొమ్మ గీస్తున్నాడు. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కూతురు ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

"ఆ చుక్క పెట్టకు నాన్నా."

"ఏ చుక్క?"

"ఎర్రకణం మధ్యలో పెడుతున్నావే, అది. కేంద్రకం."

"కణమన్నాక కేంద్రకం ఉండదూ? కాళ్ళు కడుక్కుని రా, మీ అమ్మ టీ పెట్టింది."

"మనిషి ఎర్రకణంలో ఉండదు. మొదట్లో ఉంటుంది. ఎముక మజ్జలోంచి రక్తంలోకి వచ్చేలోపే కణం దాన్ని బయటికి తోసేస్తుంది. ఆక్సిజన్ మోయడానికి చోటు కావాలిగా."

"ఎవరు చెప్పారు?"

"మా మేడం."

"మీ మేడం నిన్నగాక మొన్న వచ్చింది. నేను నా కళ్ళతో చూశాను, మా కాలేజీ మైక్రోస్కోపులో. ప్రతి కణంలో ఆవగింజలా కనిపించింది."

"ఏ రక్తం చూశావు?"

"రక్తం రక్తమే. ఏ రక్తమేంటి?"

"ఎవరి రక్తం నాన్నా?"

"ఆ డస్టర్ ఇలా ఇవ్వు."

"నాన్నా."

"కప్పది."

"కప్పకి ఉంటుంది. మనకి ఉండదు."

"ఆ ఒక్కసారే చూడనిచ్చారమ్మా. క్లాసంతటికీ ఒకటే మైక్రోస్కోపు. మళ్ళీ నా వంతు రాలేదు. అదే మనసులో ఉండిపోయి..."

"ఇన్నేళ్ళూ అదే గీశావు."

"పుస్తకాల్లో మనిషి కణానికీ మధ్యలో ఏదో కనిపిస్తుంది కదా, గుండ్రంగా..."

"అది సొట్ట. రెండు వైపులా నొక్కుకుపోయి ఉంటుంది. అందుకే నడిమధ్య పాలిపోయినట్టు కనిపిస్తుంది."

"సరే. సరే, చెరిపేశాను, చాలా? ఇంత చిన్న చుక్కకి మొహం అలా పెట్టుకున్నావేం? పరీక్షలో మార్కులు పోయాయా?"

"నాకు పోలేదు."

"మరి?"

"నేను చుక్క పెట్టలేదు."

"పెట్టలేదా? నా దగ్గరేగా నేర్చుకున్నావు."

"పోయిన నెలే కాలేజీ పుస్తకంలో చూశాను."

"నెల నుంచీ తెలుసా? నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

"చెబుదామనే వచ్చాను ఓరోజు. నువ్వు పిల్లల ముందు 'నా కళ్ళతో చూశాను' అంటున్నావు. వాళ్ళు నోరు తెరుచుకుని వింటున్నారు. నాకు సిగ్గేసింది."

"నన్ను చూసా?"

"ఇప్పుడెందుకులే."

"చెప్పు, పరవాలేదు."

"నిన్ను చూసే."

"ఊఁ. నేనే సిగ్గుపడాలిలే. మరి మన పాత పిల్లలు ముగ్గురు నీ క్లాసులోనే ఉన్నారుగా. సోడాబుడ్డి, పొడుగోడు, మూలింటి అమ్మాయి. వాళ్ళకైనా చెప్పావా?"

"లేదు. చెబితే ఎవరు నేర్పారన్న మాట వస్తుందని..."

"అంటే వాళ్ళు పెట్టారు."

"ముగ్గురూ పెట్టారు. ఒకేచోట, ఒకే సైజు, పక్కన అదే వంకర బాణం. అచ్చం నీ బొమ్మే. మేడం మూడు పేపర్లూ పక్కపక్కన పెట్టి, కాపీ కొట్టారంది. మొత్తం పరీక్షకే సున్నా వేస్తారట."

"కాపీ ఏంటి? అది నా తప్పు. రేపు పొద్దున్నే వచ్చి మీ మేడంతో మాట్లాడతాను."

"వద్దు నాన్నా."

"నీ పరువు పోతుందనా? పోతే పోనీ. కప్ప సంగతి కూడా చెప్పేస్తాను, నవ్వితే నవ్వుకుంటారు. నా మూలంగా ఆ పిల్లల మీద దొంగలన్న ముద్ర పడితే నాకు అన్నం సహిస్తుందా?"

"నువ్వు చెప్పినా ఇప్పుడు నమ్మరు."

"ఎందుకు నమ్మరు? కావాలంటే ఈ బోర్డే మోసుకొస్తాను."

"మేడం అడిగింది నాన్నా, కాపీ కాకపోతే ఈ బొమ్మ మీకు నేర్పిందెవరని. ముగ్గురూ వెనక్కి తిరిగి నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. అంతే, కాపీ కొట్టామని ఒప్పేసుకున్నారు."